నిండుకున్న వీధి

వాన వెలిసిన మర్నాడు మా పక్కింటివాళ్ళ పెరట్లోని నెగడు గుంట నుంచి తడిసిన బూడిద వాసన వస్తుంది. డిట్రాయిట్ శివారు నోవైలో మా వరసలో చాలా ఇళ్ళకు అలాంటి గుంట ఉంది. శనివారం సాయంత్రం దాని చుట్టూ కుర్చీలు వేసుకుని పెద్దవాళ్ళు ఆఫీసు కబుర్లు చెప్పుకుంటారు, పిల్లలు మార్ష్‌మాలో మిఠాయిలు పుల్లలకు గుచ్చి కాల్చుకు తింటారు, ఆదివారం వాన పడుతుంది, సోమవారం పొద్దున్న నేను చెత్తడబ్బాను రోడ్డు మీదికి తోసుకుంటూ వెళ్తుంటే ఆ వాసన ముక్కుకు తగులుతుంది. మిగతావాళ్ళకు అది సరదా తాలూకు వాసన. నాకు మాత్రం మా పాత వీధి వాసన. ఇల్లు కాలిపోయాక, ఫైరింజన్లు కొట్టిన నీళ్ళు గోడల్లో ఇంకి, వాటి మీద మంచు పడి, ఆ మంచు కరిగి, పైన కాస్త ఎండ తగిలినప్పుడు వచ్చే వాసన. డిట్రాయిట్ తూర్పు వైపున, మాటలు వస్తున్న వయసులో నేను వెళ్ళి, పన్నెండేళ్ళప్పుడు వదిలి వచ్చిన వీధి అది.

మేం వెళ్ళేటప్పటికి అది ఇంకా నిండుగానే ఉండేది. రెండు వైపులా ముందు వసారా, పైన ఒక అంతస్తు ఉన్న చెక్క ఇళ్ళు, ఒకదాని చెవిలో ఒకటి గుసగుసలాడుకుంటున్నంత దగ్గరగా నిలబడి ఉండేవి. ఆ సందుల్లో పిల్లలం పక్కకు తిరిగి దూరి ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి పోయేవాళ్ళం. ఎప్పుడో తెగులు పట్టి నరికేసిన ఎల్మ్ చెట్ల మొదళ్ళు రోడ్డు వారగా పీటల్లా మిగిలి ఉంటే వాటి మీదే మా ఆటలన్నీ సాగేవి. ఎండలు ముదిరాక ఎవరో ఒకరు ఫైరింజన్ల కోసం పాతిన నీళ్ళ పంపు తిప్పేవారు, వీధి వీధంతా తడిసి ముద్దయ్యేది, దూరంగా ఐస్‌క్రీం బండి పాట వినబడగానే తడి బట్టలతోనే పరుగులు తీసేవాళ్ళం. సాయంత్రాలు ఆడవాళ్ళు వసారాల్లో ఒళ్ళో గిన్నెలు పెట్టుకుని బఠాణీలు ఒలిచేవారు, షిఫ్టు దిగిన మగవాళ్ళు ఖాళీ టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ నడిచి వచ్చేవారు, ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్ళే అవ్వల టోపీల మీద ఈకలు, పువ్వులు, పళ్ళు చూసి మా అమ్మ, ‘‘ఆ తలమీద తోట చూడవే’’ అని నవ్వుకునేది. మా నాన్న కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. ఆ వీధిలో తెలుగువాళ్ళం మేం ఒక్కళ్ళమే.

పక్కింటి ఆవిడ మిస్ ఒడెస్సా. అలబామాలో పత్తి చేల మధ్య పుట్టి, డిట్రాయిట్ వచ్చి కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన నల్లజాతి పెద్దావిడ. భర్త పోయాడు, కూతురు పెళ్ళి చేసుకుని తిరిగి అలబామాలోనే స్థిరపడింది. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకు ఇంగ్లీషు భయం, మొదటి ఏడాదంతా వసారా దాటి ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక ఆగస్టు పొద్దున్న బట్టలు ఆరేస్తూ కంచె అవతలకి చూసి, ‘‘అమ్మమ్మా, బెండకాయలే!’’ అని పెద్దగా అరిచింది. ఒడెస్సా తలెత్తి, ‘‘ఓక్రా, బేబీ’’ అంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనాలట. ఆ వేళ మధ్యాహ్నం మా ఇంట్లో బెండకాయ వేపుడు. ఆ సాయంత్రం గిన్నెడు వేపుడు కంచె దాటింది.

తరవాత రెండు వంటిళ్ళూ కలిసిపోయాయి. ఆవిడ పొద్దున్నే వండుకునే గ్రిట్స్ అనే మొక్కజొన్న నూక జావ మా అమ్మకు తాలింపు మరిచిపోయిన ఉప్మాలా ఉండేది. మా అమ్మ ఉప్మా ఆవిడకు ఎవరో పాడు చేసిన గ్రిట్స్‌లా ఉండేది. కొత్త సంవత్సరం రోజున అదృష్టం కోసం ఆవిడ అలసందలు ఉడికించి పెడితే, అమ్మ మిగిలిన పచ్చి అలసందలు నానబోసి, రుబ్బి, పచ్చిమిర్చీ అల్లం వేసి వడలు చేసింది. ఒడెస్సా ఒక వడ విరిచి లోపలికి చూసి, ‘‘ఈ గింజలు నీకేం అపకారం చేశాయి బేబీ, ఇలా చితక్కొట్టావు?’’ అని, మొత్తం పళ్ళెం ఖాళీ చేసింది.

మా అమ్మ నోటి వెంట అశుభం మాట రాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనేది, దీపం ఆరిపోతే కొండెక్కిందనేది, గాజు చిట్లితే పెరిగిందనేది, గడప దాటుతూ వెళ్తున్నానంటే వెనక్కి పిలిచి వెళ్ళొస్తాననిపించేది. తెలుగు నేల మీద పెరిగిన పిల్లలు వీటిని గాలి పీల్చినట్టు పీల్చుకుంటారు, గమనించను కూడా గమనించరు. బయట ఇంగ్లీషు, లోపల తెలుగు విని పెరిగిన నాకు ఆ మాటలు తిరగేసి తొడుక్కున్న చొక్కాల్లా కనబడేవి. అడుగు కనబడుతున్న బియ్యం డబ్బాలోకి తొంగి చూసి, నిండుకుందంటున్నారే, మరి దేనితో నిండిందో అని భయపడేదాన్ని. తెలుగు రాయడం నేను యాభై దాటాక, అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ‘నిండు’ అని మొదటిసారి నా చేత్తో రాసినప్పుడు, ఆ మాట మధ్యలో ఉన్నది సున్నా అని చూశాను.

మా వీధి కూడా అలాగే నిండుకుంటూ వచ్చింది. ఫ్యాక్టరీల్లో ముందు ఒక షిఫ్టు తీసేశారు, తరవాత రెండోది, తరవాత గేటుకు గొలుసు వేశారు. చివరింటివాళ్ళు టెక్సాస్ వెళ్ళారు, వాళ్ళ వసారా ఉయ్యాల కొన్నాళ్ళు గాలికి తనంతట తానే ఊగింది, ఒకరోజు అది కూడా కనబడలేదు. ఇల్లు చచ్చిపోవడానికి ఒక క్రమం ఉంటుందని పిల్లలందరికీ తెలుసు. కిటికీలకు చెక్కలు కొడతారు. పికప్ ట్రక్కుల్లో మనుషులు వచ్చి రాగి గొట్టాలు పీక్కుపోతారు. తెగిన గొట్టాల నీళ్ళు గదుల్లో నిండి, కిటికీల్లోంచి కారి, మంచుగడ్డలై వేలాడతాయి, ఇల్లు నోరు తెరిచి పళ్ళు చూపిస్తున్నట్టు. ఆ తరవాత నిప్పు. హాలోవీన్ ముందు రోజు, ఊరంతా ఖాళీ ఇళ్ళకు నిప్పు పెట్టే సాయంత్రం, మా ఎదురిల్లు అంటుకుంది. మా వసారా రంగు ఆ వేడికి బుడగలు లేచింది, అమ్మ నన్ను దుప్పట్లో చుట్టి ఒడెస్సా వంటింట్లో కూర్చోబెట్టింది, వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. ఇల్లు ఇంటికి ఆనుకుని ఉన్న వీధిలో ఒక్క ఇల్లు పోతే పక్కిల్లు దాని వెంటే పోతుంది. ఆ రోజు నుంచి అందరికీ పక్కింటి మీదే కన్ను.

అయినా పిల్లలం పిల్లల్లాగే ఉండేవాళ్ళం. దూరంగా చప్పుడు వినబడితే టపాకాయా, కారు దగ్గా, తుపాకీయా అని పందెం వేసుకునేవాళ్ళం, అమ్మ చేసిన జంతికలు నములుతూ. మూల దుకాణంలో తూటాలు దిగని మందపాటి అద్దం వెనక నుంచి పాలసీసా తిరుగుడు పళ్ళెంలో వస్తుంటే ఆ పళ్ళెం తిప్పడం కోసం తగువులాడుకునేవాళ్ళం. స్కూలుకు వెళ్ళేటప్పుడు కాలిబాట మీద కాకుండా రోడ్డు మధ్యన నడవమని పెద్దవాళ్ళు చెప్పేవారు, ఖాళీ ఇళ్ళ పక్కన నడవకూడదని. ఒకసారి మా ఇంట్లోనూ దొంగలు పడ్డారు. టీవీ, అమ్మ ఇత్తడి కుందులు పట్టుకుపోయారు. నగలు బియ్యం డబ్బాలో ఉన్నాయి. ‘‘బియ్యంలో చెయ్యి పెట్టలేదు, పుణ్యాత్ములు’’ అంది అమ్మ.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు చలికాలం మొదట్లో అలబామాలో ఒడెస్సా చెల్లెలు మంచాన పడింది. వెళ్ళక తప్పదు, కానీ వెళ్తే తిరిగొచ్చేసరికి ఇల్లుండదు. ఆవిడ తాళంచెవి అమ్మ అరచేతిలో పెట్టి, ‘‘నేను ఊళ్ళో లేనని ఎవరికీ తెలియనివ్వకు, బేబీ’’ అంది. ఆ ఇంట్లోనే ఆవిడ పెళ్ళి ఫొటోలు, భర్త కోట్లు, కుట్టు మిషను ఉన్నాయి. పోతే మళ్ళీ ఎక్కడికని వస్తుంది?

ఆ చలికాలమంతా అమ్మ రెండు కాపురాలు చేసింది. పొద్దున్నే ఆ ఇంటి కర్టెన్లు తీసేది, సంధ్యవేళ దీపాలు వేసి రేడియో పెట్టేది. మంచు పడ్డప్పుడల్లా ఒడెస్సా పెద్ద బూట్లు నా కాళ్ళకు తొడిగి, వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి రమ్మనేది, మంచులో అడుగులు కనబడాలని. ఆ ఇల్లంటే నాకు భయంగా ఉండేది. మనుషులు లేని గదుల్లో గడియారం చప్పుడు మరీ పెద్దది. ఫొటోల్లోని వాళ్ళందరూ నా వంక, ఈ పిల్లెవరు ఈ బూట్లలో, అన్నట్టు చూసేవారు. అమ్మకు మాత్రం దీపం, రేడియో చాల్లేదు. ‘‘పోపు వాసన రాని ఇల్లు ఇల్లెలా అవుతుందే’’ అని, పప్పు మా ఇంట్లో ఉడకబెట్టి, పోపు మాత్రం ఆ ఇంటి పొయ్యి మీద పెట్టేది.

‘‘ఇదిగో, మనింట్లో కూడా కాస్త కనబడుతూ ఉండు,’’ అనేవాడు నాన్న, ‘‘లేకపోతే మనిల్లే ఖాళీ అనుకుంటారు.’’

ఒక సాయంత్రం అమ్మా నేనూ ఒడెస్సా గుమ్మం ముందు మంచు ఊడుస్తున్నాం. అమ్మ చీర మీద నాన్న పాత ఓవర్‌కోటు, తలకు మంకీ టోపీ. లోపల ఎండుమిర్చి పోపు అప్పుడే పెట్టి వచ్చింది. గొట్టాలు, స్నానాల తొట్టి వేసుకున్న పికప్ ఒకటి మెల్లగా వచ్చి ఆగింది. ఒకతను దిగి, ‘‘ఈ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా, ఖాళీయా?’’ అన్నాడు. నేను అమ్మ వంక చూశాను. అబద్ధమాడడం అమ్మకు రాదు. అలాగని దీపాలు పెట్టే వేళ, ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి, ఆ ఇల్లు ఖాళీ అని అమ్మ ఎలా అంటుంది? అమ్మ పెదవులు తెలుగులో కదిలాయి. నిండుకుంది. దానికి ఇంగ్లీషు ఎక్కడ ఉందో వెతుక్కుని, తెనాలి సినిమా హాళ్ళ గేటు మీద చిన్నప్పటి నుంచి చూసిన బోర్డు దగ్గర ఆగింది.

‘‘హౌస్‌ఫుల్’’ అంది.

‘‘ఏంటీ?’’

‘‘హౌస్‌ఫుల్! హౌస్‌ఫుల్!’’ అని చీపురు పైకెత్తింది, గేటు దగ్గర జనాన్ని తోలేవాడిలా.

అతను మెట్లెక్కబోయాడు, తలుపు సందులోంచి మిరపకాయ ఘాటు తగిలి దగ్గాడు, వెలుగుతున్న కిటికీ చూశాడు, మంచు నిండా ఉన్న అడుగులు చూశాడు. ‘‘ఎంతమంది ఉన్నార్రా బాబూ లోపల’’ అని తనలో తను అనుకుంటూ ట్రక్కెక్కాడు. మళ్ళీ రాలేదు.

నాన్న కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. ‘‘ఖాళీ అని చెప్పబోయి హౌస్‌ఫుల్ అన్నావా!’’

‘‘నేనేం అబద్ధమాడలేదు. నిండుకుందన్నాను.’’

‘‘వాడికి నిండుకోవడం అంటే తెలుసా?’’

‘‘తెలియకపోతే నా తప్పా? ఊరుకోండి.’’

వసంతంలో ఒడెస్సా తిరిగి వచ్చి, అమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి గాలి పీల్చింది. ‘‘బేబీ, నా కర్టెన్లకు నీ వంటిల్లు పట్టుకుంది’’ అంది. హౌస్‌ఫుల్ సంగతి విని తొడ చరుచుకుని నవ్వింది. వీధిలో అలా వెళ్ళి, అలా తిరిగొచ్చి తన తాళంచెవితో తన తలుపు తీసుకున్న మనిషి, నాకు తెలిసి, ఆవిడ ఒక్కతే.

మేం మాత్రం తిరిగి రాలేదు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా స్కూలు మూల మీద పట్టపగలు ఒక కుర్రాడిని కాల్చేశారు. అతని ఎర్ర టోపీ గడ్డిలో పడి ఉంటే ఎవరూ తియ్యలేదు, దాన్ని తప్పుకుంటూ నేను స్కూలుకు వెళ్ళి వచ్చాను. ఆ వారమే నాన్న నోవై వైపు ఉద్యోగం వెతుక్కున్నాడు. సామాను ఎక్కించాక అమ్మ ఒడెస్సా దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. వెళ్తున్నాం అనలేదు, ఎలా అంటుంది? ‘‘గో అండ్ కమ్, మిస్ ఒడెస్సా’’ అంది. వెళ్ళొస్తాం. ఆవిడ అమ్మ ముఖంలోకి చూసి, సరే అన్నట్టు తలూపింది.

ఇల్లు ఎవరూ కొనలేదు. మొదటి మంచు పడ్డాక, అమ్మకపు బోర్డు నిలబడి ఉందో లేదో చూద్దామని నాన్న ఒక్కడూ వెళ్ళాడు. తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నాక చెప్పాడు. మా ఇంటి కిటికీలకు పువ్వుల కర్టెన్లు ఉన్నాయిట, వసారాలో దీపం వెలుగుతోందిట, కరెంటు ఒడెస్సా ఇంటి నుంచి తీగతో వచ్చిందిట. మంచులో రెండు గుమ్మాల మధ్యా ముసలి అడుగులున్నాయిట.

‘‘ఎందుకమ్మా ఇదంతా అంటే, ‘మీరు తిరిగొస్తారుగా, నీ పెళ్ళామే చెప్పింది’ అంది. నువ్వేం చెప్పావు ఆవిడకి?’’

అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ‘‘వెళ్ళొస్తానన్నాను. వెళ్తాననమంటారా?’’

డెబ్భై దాటిన మనిషి, ఒక మర్యాద మాటను మాటగా నమ్మి, మా కోసం మంచులో నడుస్తోంది. శనివారం నాన్న కారులో బయలుదేరాం. ‘వుయ్ ఆర్ నాట్ కమింగ్ బ్యాక్’ అన్న మాట అమ్మ దారి పొడుగునా నా చేత చెప్పించుకుని, పద్యంలా వల్లెవేసింది. ఒడెస్సా తలుపు తీసి, ‘‘చూశావా, వస్తారని అందరికీ చెబుతూనే ఉన్నాను’’ అంది. అమ్మ నోట్లో వాక్యం కరిగిపోయింది. తిరుగుదారిలో నాన్న, ‘‘చెప్పావా?’’ అన్నాడు.

‘‘చెప్పేదాన్నే. ఆవిడ కాఫీ పెట్టింది.’’

చెప్పలేని మాట చెప్పడం కన్నా చెప్పిన మాట నిజం చెయ్యడం సులువనుకుంది అమ్మ. అప్పటిదాకా స్టీరింగ్ ముట్టని మనిషి డ్రైవింగ్ నేర్చుకుంది. చీర కుచ్చెళ్ళు బూట్లలో దోపుకుని, కుడి లేన్ వదలకుండా, వెనక హారన్లు మోగుతుంటే ‘‘ఎగిరిపొండి నాయనా’’ అని గొణుక్కుంటూ, ఫ్రీవే మీద శనివారం శనివారం వెళ్ళి వచ్చేది. రెండిళ్ళ మధ్యా మంచు తనే ఊడ్చేది. ఒడెస్సా నమ్మకం వమ్ము కాకూడదు, ఆవిడ ఒంటరిగా మిగలకూడదు. అంతకు మించి ఏం ఆలోచించిందో నాకు తెలియదు. వెళ్ళేటప్పుడు మాత్రం ప్రతిసారీ అదే మాట, ‘‘గో అండ్ కమ్.’’

రెండో ఏడు ఆకులు రాలే కాలంలో, ఒక పొద్దున్న ఫోన్ మోగింది. అమ్మ రిసీవర్ చెవికి పెట్టుకుంటే అవతలి గొంతు నాకు కూడా వినబడింది. ‘‘బేబీ, నీ ఇల్లు నిలబెట్టలేకపోయాను.’’ ఆవిడ మాకు క్షమాపణ చెబుతోంది. అమ్మ ఇంగ్లీషంతా మరిచిపోయి, ‘‘మీరున్నారా? మీరున్నారా?’’ అని తెలుగులో అడుగుతూనే ఉంది. మేం వెళ్ళేసరికి మా ఇంటి చోట నల్లటి గుంట, దానివైపు ఉన్న ఒడెస్సా గోడ పొక్కులెక్కి ఉంది. అలబామా నుంచి కూతురు వచ్చి, ఇక ఇక్కడ ఉంచేది లేదని పెట్టెలు కట్టేసింది.

అమ్మ ఆవిడ ముందు నిలబడింది. నోరు తెరిచింది, కానీ ఈసారి వచ్చేదెవరు, వెళ్ళేదెక్కడికి? ఒడెస్సాకు అర్థమైనట్టుంది. ‘‘బై అను, బేబీ. అంటే ఏం కాదు’’ అంది.

మా అమ్మ ‘బై’ అనడం నేను అప్పుడే విన్నాను. కారెక్కి, అమ్మ కుడి లేన్ వదలకుండా ఇంటికి నడిపింది.

ఇప్పుడు నా వయసు అప్పటి అమ్మ వయసు ఎప్పుడో దాటింది. ఏడాదికోసారి ఒక్కదాన్నే అక్కడికి వెళ్తాను, అమ్మ రానంటుంది. ఇళ్ళు లేవు, మూల దుకాణం లేదు, వసారాలు, తోట టోపీల అవ్వలు, ఎల్మ్ మొదళ్ళు, ఏవీ లేవు. రోడ్డు మాత్రం ఉంది, కార్లు ఇంటిముందుకు ఎక్కడానికి కాలిబాట వాలుగా దిగిన చోట్లు ఉన్నాయి, వాటి వెనక నడుమెత్తు గడ్డి, అప్పుడప్పుడు గడ్డిలోంచి అడవికోడి ఒకటి చటుక్కున లేస్తుంది. పోయిన ఏడు ఒడెస్సా ఇల్లుండిన చోట ఒక కుర్రపిల్ల కూరగాయల మడులు చేస్తూ కనబడింది. ఆ నేల తవ్వుతుంటే గాజు ముక్కలు, గడియారం ముల్లు దొరికాయట, ఇక్కడ ఎవరుండేవారో తెలుసా అని అడిగింది. ఒడెస్సా పేరు చెప్పాను, పత్తి చేలు చెప్పాను, కారు సీట్లు కుట్టిన చేతులు చెప్పాను. ఆ పిల్ల ఆ పేరు రెండుసార్లు పలికి నేర్చుకుంది.

‘‘మరి మీరు ఆవిడకి ఏమవుతారు?’’

‘‘పక్కింటి అమ్మాయిని’’ అన్నాను.

ఆ పిల్ల నాకు అటూ ఇటూ చూసింది. రెండు వైపులా గడ్డే.